దాసన్న కాలిమట్టం

కడప చుట్టుపక్కల బండలు పరిచే మేస్త్రీలకు కొదవ లేదు. అందరూ రసమట్టం పెట్టి, అందులోని బుడగ నడిమికి వచ్చిందా లేదా అని ఒంటికన్ను మూసి చూసేవాళ్ళే. దాసన్న ఒక్కడే కాలితో చూస్తాడు. ఎడమకాలికి చెప్పు ఉంటుంది, కుడికాలు వట్టిది. సిమెంటు మాలు మీద బండ పరిచి, చెక్కసుత్తితో నాలుగు మూలలా తట్టించి, లేచి నిలబడి, ఆ వట్టి కాలిని ఈ బండ మీది నుంచి పక్క బండ మీదికి మెల్లగా జరుపుతాడు. రెండూ కలిసే చోట ఒక అంచు తలవెంట్రుకంత లేచి ఉన్నా అరికాలు అక్కడ ఆగుతుంది. "ఈడ, ఇంకొక దెబ్బ," అంటాడు. దెబ్బ పడ్డాక మళ్ళీ జరుపుతాడు. కాలు ఆగకుండా సాగిపోతే "అయింది" అంటాడు.

ఆ మాట పడ్డాక ఆ బండ గురించి ఇంకెవరూ నోరెత్తకూడదు. వాళ్ళ జట్టులో అది కట్టుబాటు. మేస్త్రి "అయింది" అన్నదాన్ని కూలివాళ్ళు కాదంటే ఆ మేస్త్రి తాపీ కడుక్కొని ఇంటిదారి పట్టవలసిందే. మర్నాటి నుంచి అతని మాటకు విలువ ఉండదు.

దాసన్న కాలును షుగరు సగం తిన్నది, ఈ కట్టుబాటు సగం తిన్నది. జనం షుగరును ఒక్కదాన్నే తిడతారు.

ఈ సంగతి అందరికంటే ముందు తెలిసింది సంతోషమ్మకు. ఆమె దాసన్న భార్య. ముప్పై ఏళ్ళుగా అతని వెనకే వంగి నడుస్తూ, పరిచిన బండల మీద ఒలికిన సిమెంటు పాలు గట్టిపడక ముందే తడి గోనెపట్టాతో తుడుస్తూ వస్తోంది. ఆమె కాళ్ళు కూడా వట్టివే. దాసన్న కాలు జరిగిన ప్రతి అంచు మీదా ఆమె కాలూ జరిగింది. ముప్పై ఏళ్ళు ఒకే బడిలో చదివిన ఇద్దరిలో ఒకరికే పండితుడన్న పేరు వచ్చినట్టు, పేరు మాత్రం దాసన్నకే వచ్చింది. ఆమెకు దాని మీద ఫిర్యాదు లేదు. ఆడమనిషి కాలితో మట్టం చూస్తానంటే ఎవరు కూలి ఇస్తారు?

దాసన్నది కోడుమూరు దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళ వయసులో, వరసగా మూడేళ్ళు శనక్కాయ ఎండిపోయాక, బండల పని వెతుక్కుంటూ కడపకు వచ్చాడు. డబ్బును ఇక్కడివాళ్ళు లెక్క అంటే, అతను ఇప్పటికీ దుడ్లు అంటాడు. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక ఇంజనీరు రసమట్టం పెట్టి "అంతా సమంగా ఉంది, కానీ," అన్నాడట. దాసన్న కాలు పెట్టి, "లేదు సారూ, ఆ మూలకు దిగతాండాది," అన్నాడట. ఇంజనీరు నవ్వి చెంబెడు నీళ్ళు పోయించాడు. నీళ్ళు నేరుగా ఆ మూలకే పోయి కూర్చున్నాయి. అప్పటి నుంచి "దాసన్న కాలు" అన్నది ఆ వృత్తిలో ఒక పనిముట్టు పేరు. గుత్తేదార్లు ఫోను చేసి "దాసన్న ఉన్నాడా" అనరు, "కాలు ఖాళీగా ఉందా" అంటారు.

ఆ కాలికి జబ్బు ఉందని తొమ్మిదేళ్ళ కిందట తెలిసింది. ఉచిత శిబిరం పెడితే అందరితో పాటు వేలు చూపించాడు. మూడు వందల ఎనభై అన్నారు. దాసన్న నమ్మలేదు. "రాళ్ళు మోసేవాడికి షుగరేందప్పా! అది కూచోని తినేటోళ్ళ జబ్బు," అన్నాడు. కష్టం చేసేవాడికి షుగరు రాదన్నది మన సీమలో దేవుడి తర్వాత అంత గట్టి నమ్మకం. సంగటి మంచిదని ఎవరో చెబితే, రెండు ముద్దలు తినేవాడు నాలుగు తినసాగాడు, మందే కదా అని.

తర్వాత అరికాళ్ళు మండసాగాయి. రెండు కాళ్ళూ. పగలంతా పనిలో మరిచిపోయినా, ఇంటికి వచ్చి కూర్చుంటే బూడిద కింద నిప్పుల మీద పెట్టినట్టు ఉండేది. బకెట్టులో నీళ్ళు పోసుకొని కాళ్ళు ముంచి అన్నం తినేవాడు. సంతోషమ్మ పోరగా పోరగా కడపలో ఒక డాక్టరు దగ్గరికి పోయారు. డాక్టరు మంచివాడే. బయట నలభై మంది ఉన్నారు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు.

"రోజూ కాళ్ళు తిప్పి చూసుకోవాలి. చెప్పుల్లేకుండా నేల మీద అడుగు పెట్టొద్దు," అన్నాడు డాక్టరు.

"సరే సారూ," అన్నాడు దాసన్న.

నీ పనేమిటని డాక్టరు అడగలేదు. దాసన్న చెప్పలేదు. బయటికి వచ్చాక మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు. "మే, విన్నావా? చెప్పులేసుకొని మట్టం చూస్తే, చేతికి సంచి కట్టుకొని బువ్వ తిన్నట్టే కదా!"

సంతోషమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వును ఆమె తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకుంది.

మాత్రలకు, రక్తపరీక్షకు, ఆటోకు అయ్యే ఖర్చు ఎలాగో పడవచ్చు. అసలు ఖర్చు వేరే ఉంది. ఆసుపత్రికి పోయిన రోజు దాసన్న కూలి పోతుంది, సంతోషమ్మ కూలి పోతుంది. కాలు లేనిదే పని జరగదు కనుక, బండలు మోసి తట్టే ఖాసిం వలి కూలి కూడా పోతుంది. ఖాసిం వలి పాతికేళ్ళ జతగాడు. నలుగురు పిల్లల తండ్రి. "పోన్లే అన్నా, పోయిరా," అనేవాడు కానీ, సాయంత్రం ఉత్త చేతులతో ఇంటికి పోయేవాడు. దానితో డాక్టరు నెలకొకసారి రమ్మంటే వీళ్ళు మూడు నెలలకు, తర్వాత ఆరు నెలలకు పోయారు. తర్వాత పాత చీటీ చూపించి అంగట్లోనే మాత్రలు తెచ్చుకున్నారు.

రెండేళ్ళు మండిన కాళ్ళు, పోయిన ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో చల్లబడ్డాయి.

ఆ నలభై రోజులూ దాసన్న ఒంటిపూట ఉన్నాడు, ప్రతి శుక్రవారం ప్రార్థనకు పోయాడు. ఒక పొద్దున లేచి చూస్తే మంట లేదు. మర్నాడూ లేదు. వారం చూశాడు. బకెట్టు కడిగి బోర్లించాడు. నేరుగా హెన్రీ అయ్యగారి దగ్గరికి పోయాడు. హెన్రీ వాళ్ళ చర్చి పాస్టరు, ముప్పై అయిదేళ్ళవాడు, తల్లిని షుగరుతోనే పోగొట్టుకున్నవాడు.

"అయ్యగారూ, ఈ ఆదివారం సాక్ష్యం చెప్తా."

"ఏం సాక్ష్యం దాసన్నా?"

"కాళ్ళ మంట పోయింది. రవ్వంత కూడా లేదు. రెండేళ్ళ నుంచి డాక్టరు తియ్యలేంది దేవుడు నలభై దినాలకు తీసేసినాడు."

హెన్రీ అతని కాళ్ళ వైపు చూశాడు. "సంతోషమే. కానీ ముందు డాక్టరుకు చూపించు, ఆ తర్వాత చెప్పు. దేవునికి తొందరేం లేదు."

"దేవునికి లేదులే అయ్యగారూ. నాకుండాది."

మంట ఆరడానికి రెండు దారులున్నాయి. నీళ్ళు పోస్తే ఆరుతుంది, కట్టె అయిపోయినా ఆరుతుంది. దాసన్న కాళ్ళలో కట్టె అయిపోయింది. నొప్పిని మోసే నరాలు పూర్తిగా కాలిపోయి, మోసేందుకు ఏమీ మిగల్లేదు. దీనికి దేవుడిని తప్పుపట్టవలసిన పని లేదు, పొగడవలసిన పని అంతకంటే లేదు. హెన్రీకి ఇది సగం తెలుసు. తల్లి కాళ్ళు కూడా అలాగే "నయమయ్యాయి". అయినా ఆదివారం చర్చి నిండా జనం ముందు ఒకడు కళ్ళనీళ్ళతో లేచి నిలబడితే కూర్చోమని చెప్పగల పాస్టరు ఇంకా పుట్టలేదు. దాసన్న చెప్పాడు. విశ్వాసమ్మ అనే ముసలామె "స్తోత్రం!" అని గట్టిగా ఏడ్చింది. ఆ మధ్యాహ్నం దాసన్న ఇంటికి వచ్చి, మాత్రల డబ్బా అటక మీద పెట్టాడు.

"అవేం చేసినాయి నిన్ను?" అంది సంతోషమ్మ.

"మంటే పోయినాక నీళ్ళెందుకే?"

అక్కడి నుంచి దాసన్న పని చూసి గుత్తేదార్లు మురిసిపోయారు. ఇదివరకు ఒక్కొక్క బండకు నాలుగైదు దెబ్బలు పడేవి. ఇప్పుడు ఒక్క దెబ్బకే కాలు సాగిపోతోంది. "అయింది. అయింది. అయింది." మూడు రోజుల పని రెండు రోజులకు తెమిలిపోతోంది.

"ఏంది దాసన్నా, సుత్తికి పనే లేకుండా చేస్తాండావు?" అన్నాడు ఖాసిం వలి.

"చెయ్యి కుదిరిందప్పా. అరవై దగ్గరపడినాక కూడా కుదరకపోతే ఇంక ఎప్పుడు కుదరాల? ఇప్పుడు నేను పరిస్తే నేల పట్టుగుడ్డ మాదిరి ఉండాది. యాడా తగల్దు."

యాడా తగల్దు. వెనక గోనెపట్టాతో వంగి వస్తున్న సంతోషమ్మకు అప్పుడే ఒక అంచు తగిలింది. బొటనవేలు చటుక్కున ఆగింది. పక్క బండ దగ్గర మళ్ళీ ఆగింది. వెంట్రుకంత కాదు, బియ్యపుగింజంత లేచి ఉంది. ఆమె తల ఎత్తి చూసింది. దాసన్న ఆ అంచు మీద ఒకటికి రెండుసార్లు కాలు జరిపి, తృప్తిగా కళ్ళు సగం మూసుకొని, "అయింది," అన్నాడు.

ఆమె మాట్లాడలేదు. కట్టుబాటు ఒకటి. మాట్లాడితే రేపటి కూలి ఉండదన్నది ఇంకొకటి. ఆమె చేసిందల్లా, ఆ అంచు మీద గోనెపట్టా వదిలి ఖాసిం వలి వైపు చూడటం. ఖాసిం వలి ఇంకో బండ తెచ్చే నెపంతో అటు వచ్చి, పట్టా మీద ఒక దెబ్బ వేసి పోయాడు. గోనె కింద చప్పుడు వినపడలేదు.

అలా నెలలు గడిచాయి. ఒకసారి దాసన్న టీకి పోయినప్పుడు ఖాసిం వలి అన్నాడు: "వదినా, అన్న కాలికి ఏమో అయింది."

"తెలుసు. నువ్వు నోరెత్తాకు."

"నేనెత్తితే నా పిల్లోల్లకే కదా నష్టం! ఎందుకెత్తుతా? కానీ ఎన్నాళ్ళని నీ కాలితో చూసి ఆయన పేరు నిలబెడతావు?"

"జరిగినన్నాళ్ళు."

ఇద్దరూ పని గురించే ఆలోచించారు. ఆ కాలికి నేల తెలియకపోతే ఇంకేమేం తెలియవో, సంతోషమ్మ తలలోకి ఆ ఆలోచన రాలేదు. రాలేదని ఆమె తర్వాత అనేది. వచ్చిందేమో, రానివ్వలేదేమో.

ఆమెకు జ్వరం వచ్చిన రెండు రోజుల్లోనే బండారం బయటపడింది. ఆ రెండు రోజుల్లో దాసన్న ఒక ఇంటి స్నానాల గది పరిచాడు. వారానికి ఆ ఇంటావిడ మహాదేవమ్మ ఫోను చేసి పిలిపించింది. ముగ్గురూ పోయారు.

"మేస్త్రీ, నీళ్ళు తూముకు పోకుండా తలుపు కాడికొచ్చి నిలబడతాండాయి, చూడు."

దాసన్న కాలు జరిపాడు. "వాటం బాగుండాది. నిలబడవు."

"నిలబడినాయి కదప్పా, కండ్ల ముందర!"

"అవి నిన్నటి నీళ్ళు."

"నిన్నటివైతే మరీ అన్యాయం! ఇరవై నాలుగు గంటలైనా పోలేదంటే?"

"నా కాలు చెప్తాండాది తల్లీ, వాటం తూముకే ఉండాదని."

"నాకేం చెప్తావు నాయనా? నీళ్ళకు చెప్పు ఆ మాట!"

ఖాసిం వలి మొహం పక్కకు తిప్పుకున్నాడు. దాసన్న మళ్ళీ కాలు జరిపాడు, మళ్ళీ జరిపాడు. మొదటిసారి అతని మొహంలో ఏదో కదిలింది. అది ఒక్క క్షణమే. వెంటనే తుడుపు సరిగా లేదని సంతోషమ్మ మీద అరిచాడు. ఆ గది పరిచిన రెండు రోజులూ ఆమె పనికే రాలేదని అతనికి గుర్తు లేదు, ఆమె గుర్తు చెయ్యలేదు. బండలు పెకలించి తమ ఖర్చుతో మళ్ళీ పరిచారు. ఈసారి ఆమె కాలు వెనకే ఉంది.

మే నెల వచ్చింది. కమలాపురం దారిలో ఒక మిద్దె పైకప్పు మీద నల్లబండలు పరిచే పని. కడప ఎండ గురించి రాయడం దండగ, ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర లేదు, ఎరగనివాళ్ళు నమ్మరు. నల్లబండ ఆ ఎండకు పెనం అవుతుంది. ఖాసిం వలి చెప్పుల కింద రబ్బరు ముక్కలు కట్టుకున్నాడు. సంతోషమ్మ పాదాలకు తడిగుడ్డలు చుట్టుకుంది. మాలు ఆరిపోతుందని ఇంటి యజమాని తొందరపెడుతున్నాడు. పన్నెండు దాటింది. దాసన్న ఎప్పటిలాగే ఎడమకాలి చెప్పుతో, వట్టి కుడికాలితో నడిబండ మీద నిలబడి ఉన్నాడు. తీరిగ్గా. నీడలో నిలబడినట్టు.

"ఒరేయ్ నాయనా, పీర్ల పండగకు నిప్పుల గుండంలో దిగేటోళ్ళు కూడా నాలుగు అంగల్లో దాటేస్తారు. నువ్వేందన్నా ఆడనే కాపురం పెడతాండావు?" అన్నాడు ఖాసిం వలి.

యజమాని మెచ్చుకున్నాడు. "పాతకాలం మనుషులు. మనకు రాదులే ఆ గట్టిదనం."

సంతోషమ్మ వెనక నుంచి తుడుచుకుంటూ వస్తోంది. బండల మీద దాసన్న తడికాలి అడుగులు కనబడుతున్నాయి, ఒక్క కుడికాలివే, వరసగా. తుడవబోయి ఆగింది. ఆ ఎండలో నీళ్ళు చల్లితే రెప్పపాటులో ఆవిరైపోతున్నాయి. ఈ అడుగులు ఆరడం లేదు. మెరుస్తున్నాయి. పట్టా ఆనించింది. అంటుకుంది. లాగితే జిగటగా సాగింది.

ఆమె కూర్చున్న చోటు నుంచి అతని మడమ కనబడుతోంది. అరికాలి చర్మం ఊడిన చెప్పు అట్టలా ఒక పక్క వేలాడుతూ, అతను అడుగు వేసినప్పుడల్లా చిన్నగా తపతపమంటోంది.

"ఏమయ్యా! దిగు! కాలు చూసుకో!"

దాసన్న ఒక చేత్తో పిట్టగోడ పట్టుకొని అరికాలు తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె మరిచిపోలేని మాట అన్నాడు, ఎంతో ఆశ్చర్యంగా, ఇంచుమించు సంతోషంగా: "నొప్పే లేదే!"

నొప్పి లేదు కనుక ఆ మిద్దె పూర్తి చేశాడు. గుడ్డ చుట్టుకొని ఇంకో రెండు రోజులు. ఊళ్ళో సూదులు వేసే ఆరెంపీ పసుపు మందేదో రాసి కట్టు కట్టాడు. నొప్పి లేదన్న ఒక్క మాట మీద పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు ఇల్లంతా వాసన వేసింది. చుట్టం చూపుగా వచ్చిన హెన్రీ గుమ్మంలోనే ఆగిపోయాడు. తల్లి మంచం దగ్గర పీల్చిన వాసన అది. ప్రార్థన చెయ్యలేదు. ఫోను తీసి ఆటోను పిలిచాడు.

కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ముందు మూడు వేళ్ళు తీశారు. ఆరు రోజులకు పాదం ముందు సగం తీశారు. దాసన్న వేళ్ళతోపాటు మాట కూడా పోయినవాడిలా పడుకున్నాడు. సంతోషమ్మ మాత్రం ఆసుపత్రి కిటికీల దగ్గర కొత్త చదువు చదివింది.

"సర్కారోళ్ళ వైద్యం కార్డు ఉండాది కదప్పా," అంది, బిల్లు రాసే అతనితో.

"కోతకు కార్డు పని చేస్తుందమ్మా. ఇంటికి పోయినాక కట్లకు చెయ్యదు. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి, మూడు నెలలు. ఆ మందులు, ఆ దూది, ఆ ప్రత్యేకం చెప్పు మీరే చూసుకోవాలి."

"అంటే కాలు తీస్తే ఉచితంగా తీస్తారు. నిలబెట్టుకుంటామంటే మాత్రం మేమే పెట్టుకోవల్లనా?"

అతను తల గీరుకున్నాడు. "నేను రాసిన రూలు కాదమ్మా."

కూతురు మహిమ కోడుమూరు దగ్గర అత్తగారింటి నుంచి వచ్చి, చెవి కమ్మలు తీసి తల్లి చేతిలో పెట్టింది. సంతోషమ్మ వద్దనలేదు. మర్యాదకు వద్దనడానికి ఇది పెళ్ళి చదివింపు కాదు. మూడు నెలలు ఆటోలో తీసుకుపోయి కట్టు కట్టించింది. ఒకరోజు కట్టు, ఒకరోజు కూలి. ఇప్పుడు ఆమె ఇంకో మేస్త్రి దగ్గర మాలు మోస్తోంది. అతను రసమట్టం పెట్టి చూస్తాడు. ఒక బండ లేచి ఉంటే ఆమె కాలికి తెలుస్తుంది. ఊరుకుంటుంది.

ఇంట్లో దాసన్న మంచం మీద. కట్టు తడవకూడదు, నేలకు ఆనకూడదు కనుక ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప పెరట్లోకి పోలేడు. పోయినప్పుడు ఆ ఒకరు పక్కింటి మొగవాడైతే ఆ పూట అన్నం తినడు. పరామర్శకు వచ్చేవాళ్ళకు కరువు లేదు. "కాలు పోతే పోయింది, ప్రాణం దక్కింది, అదే పదివేలు," అని ఒకరు. "దేవుడు మోయలేని భారం ఇయ్యడు," అని ఇంకొకరు. దేవుడు ఇచ్చిన భారాన్ని మోస్తున్నది సంతోషమ్మ అని ఎవరికీ తోచదు. ఇలాంటి మాటలు చెప్పేవాళ్ళు తలా ఒక కట్టుకయ్యే ఖర్చు పెట్టి, ఆ మాటలు దిగమింగుకొని పోయినా బాగుండేది. హెన్రీ ఒక్కడు మాటలేమీ చెప్పలేదు. వారానికి ఒకరోజు వచ్చి ఆటోకు డబ్బు ఇచ్చి, అటక మీది నుంచి దిగిన మాత్రల డబ్బా ఖాళీ అయిందో లేదో చూసి పోతాడు.

గాయం మానింది. మానిన వారానికే ఒక గుత్తేదారు ఫోను. ప్రొద్దుటూరు దారిలో పెద్ద కల్యాణ మండపం కడుతున్నారు. నేలంతా బండలే. దాసన్న వంగనక్కర లేదు, మొయ్యనక్కర లేదు. కర్ర ఊతంతో నిలబడి మట్టం చూస్తే చాలు. ఆరు నెలల పని.

దాసన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత గొంతు పెరిగింది. "కుడిది పోతే ఏమయింది? ఎడమది ఉండాది కదా. ఇన్నేళ్ళు చెప్పులో దాచిన కాలు. కొత్తది మాదిరి ఉండాది. మట్టం చూసేదానికి ఒక్క కాలు చాలు మే."

"డాక్టరు సరేనంటే చూద్దాం," అంది సంతోషమ్మ. డాక్టరు సరేనంటే ఆరు నెలల కూలి. కట్ల అప్పు తీరుతుంది. మహిమ చెవులకు కమ్మలు వస్తాయి. డాక్టరు సరేనంటే ఆ ఎడమకాలు చెప్పు విడిచి కొత్త బండల మీదికి దిగుతుంది.

కోత కోసిన డాక్టరు కుడిపాదాన్ని చూసి బాగుందన్నాడు. పని గురించి దాసన్న తనే చెప్పాడు, ఈసారి దాచకుండా, గర్వంగా. డాక్టరు విన్నాడు. సొరుగులోంచి పెన్ను లాంటిదొకటి తీశాడు. దాని కొసకు చేపల వల దారమంత నైలాను పోగు.

"ఎడమకాలు ఈ మంచం మీద చాపండి. ఈ పోగు ఆనిస్తా. తగిలినప్పుడల్లా చెప్పండి."

"చెప్తా సారూ."

పోగు మడమ మీద ఆని, వంగింది. "తగిలింది," అన్నాడు దాసన్న. పాదం అంచున. "తగిలింది." బొటనవేలి కింద. "తగిలింది సారూ, బాగా తగిలింది. చెప్పినా కదా, కొత్తది మాదిరి ఉండాది."

డాక్టరు కాగితం మీద ఏదో రాయబోయాడు. సంతోషమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఆమె పాదం వైపు చూడటం లేదు, మొగుడి కళ్ళ వైపు చూస్తోంది. ఆ కళ్ళు డాక్టరు చేతిని వదలడం లేదు. చెయ్యి దిగినప్పుడు రెప్ప పడుతోంది, ఆ తర్వాత మాట వస్తోంది. దాసన్న అబద్ధం చెప్పడం లేదేమో కూడా. కళ్ళు చూసినదాన్ని కాలే చెప్పిందనుకుంటున్నాడేమో.

రాయనిస్తే ఆరు నెలలు. ఆమె గోనెపట్టాతో వెనక నడవవచ్చు. పోయిన ఏడాది నడవలేదా?

"సారూ, రాయొద్దు," అంది. "ఇంకొకసారి చూడండి. కండ్లు మూసి."

"ఏందే నీ గోల?" అన్నాడు దాసన్న.

"నా తృప్తికి. రెండు నిమిషాలు." ఆమె మంచం వెనక్కు పోయి, రెండు అరచేతులూ అతని కళ్ళ మీద కప్పింది. సిమెంటు తిన్న చేతులు. అతను గింజుకోలేదు. "కానీ సారూ," అన్నాడు నవ్వుతూ, "ఈమెకు అనుమానం ఎక్కువ."

డాక్టరు వంగాడు. పోగు మడమ మీద పెట్టి నొక్కాడు. పోగు వంగింది. ఆగాడు. అరికాలి నడుమ పెట్టాడు. వేళ్ళ మొదట్లో, ఒకటి, రెండు, మూడు. బొటనవేలి మెత్త మీద పెట్టి, పోగు వంగి మడతపడేదాకా నొక్కి, తల ఎత్తి సంతోషమ్మను చూశాడు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. దాసన్న చిరునవ్వు అలాగే ఉంది. కాలు చాపి, ఓపికగా కాచుకొని ఉన్నాడు.

"కానీండి సారూ," అన్నాడు. "ఎంతసేపు? ఇంకా మొదలుపెట్టనే లేదే?"

సంతోషమ్మ చేతులు తియ్యలేదు.